కొండ వడ్ల హుగ్గి

రాయచూరు దినుసుల బజారులో శేషయ్య అంగడి ఎక్కడని అడిగినవారికి, ఇరుగుపొరుగు అంగళ్ళవారు "తులసమ్మ ఇల్లు కద, ముందర అంగడి ఉంటది, పోండ్రి" అని దారి చూపేవారు. అంగడి శేషయ్యది. ఇల్లు కూడా శేషయ్యదే. పట్టా, పన్ను రసీదు, గుమ్మం మీది బోర్డు అన్నీ ఆయన పేరిటనే ఉండేవి. అయినప్పటికీ బజారు తన సొంత విచారణ జరుపుకొని ఆ స్థలం తులసమ్మదేనని తీర్మానించింది. సదరు తీర్మానంపై శేషయ్య అప్పీలు చేసుకున్న దాఖలా లేదు.

తులసమ్మ పక్కనున్న కల్మల ఊరి ఆడపడుచు. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఆమెకు కోపం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ భయం వేసేది కాదు; ఆమె మెల్లగా, మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే అందరూ జాగ్రత్తపడేవారు. పెళ్ళినాడు తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన నల్లరేగడి పొలం చెక్క ఒకటి ఆమెకు కల్మలలో ఉండేది. ఆ చెక్కలో ఏటా చలికాలం పంటగా జవెగోధుమ వేయించేది. మరో పంట వేయనిచ్చేది కాదు.

జవెగోధుమను దక్కనీ మాట్లాడేవారు ఖప్లి అంటారు. మామూలు గోధుమను కళ్ళంలో తొక్కిస్తే పొట్టు వదిలి గింజ బయటపడుతుంది. ఇది ఆ జాతి కాదు. కంకి విరుగుతుంది కాని గింజ పొట్టును వదలదు. ఒక్కొక్క పొట్టులో రెండేసి గింజలు కావలించుకొని కూర్చుంటాయి. వడ్లకు మల్లే రోట్లో పోసి, నీళ్ళు చిలకరించి దంపితే తప్ప బయటికి రావు. అంత శ్రమ పడిన తరువాత కనిపించే గింజ సన్నగా, పొడుగ్గా, ఎర్రగా ఉంటుంది. దాని రవ్వ ముద్ద కట్టదు. దాని సేమ్యా ఎంత ఉడికినా తెగదు. బెల్లం వేసి హుగ్గి అనే పాయసం వండితే, గిన్నె అడుగు గీకే చప్పుడు వీధిలోకి వినబడుతుంది.

ఆ రోజుల్లో రేషను అంగళ్ళలో ఓడల మీద దిగిన గోధుమ ఇచ్చేవారు. దానిపై తులసమ్మ అభిప్రాయం బజారంతటికీ తెలుసు. "గదేం గోధుమ? అన్ని దినాలు ఓడల కూసోని వచ్చింది, నీరసపడ్డది. దాని రొట్టె తింటే తినెటోని దవడ గూడ నీరసపడ్తది" అనేది.

ఇట్లుండగా తుంగభద్ర కాలువ నీళ్ళు కల్మల వైపు పారాయి. కాలువ వెంట వరి వచ్చింది. వరి వెంట నాట్లు వచ్చాయి. ఏటా వచ్చి జవెగోధుమ దంపిపెట్టే ఆడవాళ్ళు, కూలీ ఎక్కువ, తోడుగా పాటలు కూడా అని, నాట్లకు వెళ్ళిపోయారు. తులసమ్మ కబురంపితే వారిలో ఒకతె తిరిగి కబురంపింది: "అమ్మా, కాల్వ నీళ్ళల్ల కాళ్ళు సల్లగుంటయి. నీ రోలు కాడ చేతులు మండుతయి." తులసమ్మ ఆ జవాబులోని న్యాయాన్ని ఒప్పుకొని, తానే రోకలి పట్టింది. కొద్ది రోజులకే భుజం పట్టేసింది. శేషయ్య ఆ భుజానికి తైలం రాస్తూ, అదే అదనని విషయం బయటపెట్టాడు.

"ఓ తులసమ్మ, ఇటు విను. ఆ చెక్కకు కాల్వ నీళ్ళొచ్చినయి. క్యాంపు యలమందయ్య కౌలుకు అడుగుతున్నడు. ఉగాది దినం తాంబూలం ఇస్తనని మాటిచ్చిన."

"నా పుట్టింటి చెక్కకు మీ నోటి తాంబూలమా? శాన బాగుంది."

"దంపెటోళ్ళు లేరు. తినెటోళ్ళు లేరు. ఊరంత మైదా, సన్నబియ్యం అని తిరుగుతుంటే నువ్వొక్కదానివి ఆ పొట్టు గింజ పట్టుకోని యాలాడ్తవు, ఏంది?"

"తినెటోళ్ళు లేరని ఎవలన్నరు?"

"ఎవలో ఎందుకు? ఆ యలమందయ్యనే అడుగు. గోధుమంటే జరమొచ్చినోనికి పెట్టే పథ్యమంటడు."

తులసమ్మ భుజం మీద కొంగు సర్దుకుంది. తరువాత మెల్లగా, మర్యాదగా అడిగింది: "అయితే ఆ యలమందయ్యనే తన మిల్లుల దంపిచ్చి, ఆయనే తన నోటితోని గోధుమ బాగుందంటే?"

శేషయ్యకు నవ్వు వచ్చింది. జాగ్రత్తపడవలసిన సమయంలో నవ్వటం ఆయనకు మొదటినుంచీ ఉన్న అలవాటు. "గట్లంటే నువ్వున్నన్ని దినాలు ఆ చెక్కను ఎవనికి ఇయ్య."

"తరాజు మీద చెయ్యి పెట్టి చెప్పుండ్రి."

బజారులో తక్కెడ మీద చెయ్యి పెట్టి అన్న మాటకు తిరుగు లేదు. శేషయ్య నవ్వుతూనే అంగడిలోకి వెళ్ళి, తక్కెడ పళ్ళెం మీద చెయ్యి పెట్టాడు.

యలమందయ్య గుంటూరు జిల్లా నుంచి వచ్చిన రైతు. కోస్తా రైతులు కాలువ కింద భూములు కొని, పొలాల మధ్యనే ఇళ్ళు కట్టుకొని ఏర్పరచుకున్న పల్లెలను ఇక్కడ క్యాంపులంటారు. ఆయన క్యాంపులో ఆయిలింజనుతో నడిచే వడ్ల మిల్లు ఉండేది. మంచివాడు, పెట్టే చెయ్యి గలవాడు. ఆయనకు గల ఏకైక లోపమేమనగా, ఏ గింజనైనా కొరికి చూసి దాని రకమూ, పుట్టిన నేలా చెప్పగలనని ప్రకటించుకోవటం. చుట్టుపక్కల క్యాంపులవారు వడ్ల తగాదాలు ఆయన దగ్గరకే తెచ్చేవారు. "తెలీదు" అన్న మాట ఆయన నోటి నుండి వెలువడినట్లు ఆధారమేదీ లేదు.

ఉగాదికి కొద్ది రోజుల ముందు, దంపని జవెగోధుమ బస్తాలు బండికెత్తించుకొని తులసమ్మ ఆ మిల్లు ముందు దిగింది.

"ఏంటి చెల్లెమ్మా, మీరే వచ్చారు! కబురంపితే నేనొచ్చేవాణ్ణి గదా!" అంటూ యలమందయ్య ఎదురొచ్చాడు.

"మీ మిల్లు చూద్దామని వచ్చిన, అన్నా. ఈ గింజ మీ మిల్లుల ఆడుతదో ఆడదో. మా ఇంటాయన ఆడదన్నడు."

"ఆడదా! నా మిల్లులోనా!" అని ఆయన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీశాడు. ఎండకు పట్టి చూశాడు, వాసన చూశాడు. ఒక గింజ కొరికి కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ ఉన్నవారు, తీర్పు వినేవారి మాదిరి, దగ్గరికి జరిగారు. ఆయన కళ్ళు కొంచెం ఎక్కువసేపే మూసుకొని ఉన్నాయి.

"ఊఁ. పొట్టు మందం. గింజ గట్టి. మన్యం వైపు పండే కొండ వడ్లు ఇయ్యి."

"కొండ వడ్లా!" అన్నది తులసమ్మ.

"కాదంటారా?"

"అయ్యో, గింజ సంగతి మీకంటె నాకెక్కువ ఎరుకనా? అయితే అన్నా, ఒక్కొక్క పొట్టుల రెండు గింజలున్నయి ఏంది?"

"కవల వడ్లు. కొండల మీద మామూలే."

ఇక్కడ ఒక విషయం స్పష్టపరచవలసి ఉంది. ఆనాడు తులసమ్మ నోట "వడ్లు" అన్న మాట ఆశ్చర్యంగా వెలువడిందే తప్ప జవాబుగా వెలువడలేదు. ఆమె అబద్ధమాడలేదు. నిజం రావటానికి దారి అడ్డం లేకుండా చూసింది. అది వచ్చేటట్టు లేకపోతే ఆమె బాధ్యురాలు కాదు.

ఇంజను తొలి దగ్గు దగ్గింది. బెల్టు తిరిగింది. మొదటి విడతలో గింజ సగం నూకయింది. యలమందయ్య తల గీక్కొని, మిల్లు లోపలి బ్లేడును కొంచెం వదులు చేసి మళ్ళీ పోశాడు. ఈసారి పొట్టు ఒక వైపు ఎగిరి, రెండో వైపు ఎర్రటి గింజ నిండుగా జారింది. తులసమ్మ పట్టేసిన భుజాన్ని ఒకసారి తడుముకొని, రోకలి లేని లోకం ఎలా ఉంటుందో కళ్ళారా చూసింది.

చేట పట్టుకొని వచ్చిన యలమందయ్య భార్య శివపార్వతి, చెరగబోయి ఆగింది. "ఏవండీ, ఈ బియ్యం కడుపున గీతేంటండీ?"

"కొండ నీళ్ళు తాగిన గింజకి గీత పడుద్ది. నీకేం తెలుసు? చెరుగు."

 శివపార్వతి చేటతో మిల్లు వెనక్కి నడిచి, తులసమ్మను కంటితో పిలిచింది. ఇద్దరూ పొట్టు కుప్ప చాటున కూర్చున్నారు.

"వదినగారూ, మా నాన్నకి షుగరొచ్చాక ఏళ్ళ తరబడి గోధుమలు చెరిగి నూక వండినదాన్ని. నా దగ్గరా మీ కొండ వడ్లు?"

తులసమ్మ కొంగుతో నోరు మూసుకుంది. "ఇప్పుడు ఆయనకు చెప్తవా మరి, వదినా?"

"నేనెందుకు చెబుతానండీ! పెళ్ళయినకాడ్నించీ ఆయన నోట ఒక్కసారన్నా 'తెలీదు' అని వినాలని నా కోరిక. ఎప్పుడు రమ్మంటారు?"

"ఉగాదికి వస్తున్నరు గద, తాంబూలానికి. ఉపాసంతోని రాండ్రి."

ఇంటికి చేరిన గింజలో కొంత హుగ్గికి పక్కనపెట్టి, మిగతాది తులసమ్మ పిండి పట్టించింది. ఆ పిండి, నెయ్యి, చక్కెర ఎత్తుకొని మస్తాన్ సాబు బేకరీకి పోయింది. రాయచూరులో పండుగల ముందు ఎవరి సరుకు వారు తెచ్చి, బట్టీ ముందు బల్ల మీద కూర్చొని, నాన్‌కటాయీలు కాల్పించుకొని తీసుకుపోవటం ఆనవాయితీ. కూర్చోవటం బిస్కత్తుల కోసం కాదు. తమ నెయ్యి పక్కవారి పిండిలో కలవకుండా కాపలా కోసం.

మస్తాన్ సాబు పిండిని వేళ్ళ మధ్య నలిపి, "ఖప్లీ కదమ్మా! సగం మైదా కలుపుతా, తెల్లగ వస్తది" అన్నాడు.

"తెల్లగ కావాలంటే సున్నం కలుపు సాబూ. నా పిండిల ఇంకో పిండి పడొద్దు. మంచిగ చెప్తున్న, ఒక డబల్‌రొట్టె గూడ కాల్చు."

"డబల్‌రొట్టెకు పిండి సాగాల, ఉబ్బాల. ఇది ఉబ్బదమ్మా, కూసుంటది."

"కూసోనియ్యి. నేను గూడ కూసునే ఉన్న గద."

డబల్‌రొట్టె కూర్చుంది. మస్తాన్ సాబు దాన్ని రేకు మీద నుంచి దించితే బల్ల చప్పుడు చేసింది. తులసమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో తట్టి, "తలుపు తట్టినట్టుంది. లోపట ఎవలన్నా ఉన్నరా?" అని అడిగింది. క్యూలో ఉన్నవారంతా నవ్వారు. "నీ బట్టీల పుట్టింది, నువ్వే సాకు" అని దాన్ని ఆయనకే అప్పగించింది. అయితే నాన్‌కటాయీలు దించినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. గోధుమరంగు తిరిగి, నెత్తిన పగుళ్ళు విచ్చి, నేతి వాసన వేస్తున్న ఆ పళ్ళెం వైపు, మైదా తెచ్చుకున్నవారు తమ పళ్ళాలు మరచి చూశారు. మస్తాన్ సాబు ఒకటి విరిచి నోట్లో వేసుకొని, "సాగని పిండి దీనికే మంచిది" అని, రెండోది కూడా తీసుకున్నాడు.

ఉగాది రానే వచ్చింది. రాత్రంతా నానిన జవెగోధుమను తులసమ్మ పొద్దున్నే పొయ్యి మీదికెక్కించింది. గింజ పగిలి మెత్తబడేదాకా సన్నని సెగ మీద ఉడికించి, అప్పుడు బెల్లం వేసింది. ముందే బెల్లం వేస్తే గింజ అలిగి బిగుసుకుపోతుందని ఆమె సిద్ధాంతం. పాలు, ఎండుకొబ్బరి, గసగసాలు, ఏలకులు, చివరికి చెయ్యి ఆపకుండా నెయ్యి.

కొత్త పంచె కట్టుకొని యలమందయ్య, టెంకాయ పట్టుకొని శివపార్వతి వచ్చారు. శేషయ్య తాంబూలం పళ్ళెం ముందుగానే సిద్ధం చేసి, గోడ పక్కన కనబడేలా పెట్టాడు. మోదుగ విస్తళ్ళు వేశారు. వేపపువ్వు బెల్లం అయిన తరువాత తులసమ్మ హుగ్గి వడ్డించింది.

యలమందయ్య ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. ఇంకొక ముద్ద తిన్నాడు. "ఏంటి చెల్లెమ్మా ఇది! పరమాన్నమా?"

"మీరు మిల్లుల ఆడిచ్చిన గింజనే, అన్నా."

"కొండ వడ్లు! చూశారా బావగారూ! ఆ రోజే చెప్పాను. మా డెల్టాలో ఎన్ని రకాలు తిన్నానో, ఈ రుచి లేదంటే లేదు. పళ్ళ కింద గింజ ఎలా ఆడుతుందో చూడండి!"

శేషయ్య తన విస్తరి వైపు చూశాడు. తరువాత భార్య వైపు చూశాడు. గింజల వ్యాపారంలో తల నెరసిన మనిషికి పొలమారింది.

"మెల్లగ తినుండ్రి," అని తులసమ్మ నీళ్ళు అందించింది.

అంతా అనుకున్నట్టే జరుగుతున్నదని తులసమ్మ గరిటె నిండా హుగ్గి తీసుకొని వంగిన ఆ క్షణంలోనే యలమందయ్య గట్టిగా తొడ చరిచాడు.

"బావగారూ, తేల్చేశాను! మీ చెక్కలో ఈ కొండ వడ్లే వేస్తా. దమ్ము చేయించి, మోకాటి లోతు నీళ్ళు కట్టి, ఊడ్పిస్తా. నాలుగు నెలలు మడి ఎండనివ్వను!"

గరిటె గాలిలో ఆగిపోయింది. మోకాటి లోతు నీళ్ళలో తన జవెగోధుమ మొలకలు కుళ్ళి తేలటం తులసమ్మ కళ్ళకు కట్టింది. తాను పన్నిన వల ఇంత బాగా పని చేస్తుందని ఆమె అనుకోలేదు. శేషయ్య ముఖం మాత్రం విప్పారింది. "మంచి ఆలోచన బావగారు! ఇంక ఆలస్యమెందుకు?" అని ఆయన ఎంగిలి చేతితోనే పళ్ళెం దిక్కు జరగబోయాడు.

"ఆగుండ్రి," అన్నది తులసమ్మ, మెల్లగా, మర్యాదగా. శేషయ్య ఆగాడు.

ఆమె నాన్‌కటాయీల డబ్బా తెచ్చి యలమందయ్య ముందు పెట్టింది. "అన్నా, ముందు ఇది కొరుకుండ్రి. అదే గింజ పిండి."

ఆయన కొరికాడు. నమిలాడు. నమలటం మెల్లబడింది. వేళ్ళ మధ్య పొడిని నలిపి చూశాడు. "బియ్యప్పిండైతే పళ్ళకి రవ్వ తగలాలే... ఇది ఇట్టా కరుగుతుందేంటి?" అని గొణిగి, భార్య వైపు చూశాడు. శివపార్వతి కొంగు నోట్లో కుక్కుకొని, ఎర్రబడిన కళ్ళతో పైకప్పు చూస్తున్నది.

"ఏమే, ఏంటే ఇది?"

"మీరు చెప్పాలి. కొరికితే చెబుతారు గదండీ."

"అదే, ఇది..."

"చెప్పండి."

యలమందయ్య మిగిలిన ముక్కను కూడా నోట్లో వేసుకొని కళ్ళు మూసుకున్నాడు. గోడ పక్కన తాంబూలం మీద ఈగ వాలి, లేచి, మళ్ళీ వాలింది. ఆయన కళ్ళు తెరిచి, నేలను చూస్తూ అన్నాడు: "తెలీదు."

శివపార్వతి ఇన్నేళ్ళ నవ్వు ఒక్కసారిగా నవ్వింది. "గోధుమలండీ! గోధుమలు! జ్వరప్పథ్యం విస్తరి నిండా తిన్నారు!"

ఆయన ముఖం మిరపపండైంది. "నన్ను ఎగతాళి చేశారన్నమాట, చెల్లెమ్మా."

"నేను వడ్లని అన్ననా, అన్నా?"

ఆయన జ్ఞాపకం తెచ్చుకున్నాడు. న్యాయంగల మనిషి. "అనలేదు" అని ఒప్పుకున్నాడు.

శేషయ్య వెంటనే అందుకున్నాడు. "ఒక్క నిమిషం. బావగారు మెచ్చింది కొండ వడ్లను. నేను తరాజు మీద పెట్టిన మాట గోధుమది. అది ఇది ఒకటి కాదు." ఆ తరువాత పందెం సంగతంతా విడమరచి చెప్పి, చివరన వ్యాపారి మెలిక కూడా పెట్టాడు: "బావగారు, గోధుమ బాగలేదని ఒక్క మాటనుండ్రి. చెక్క మీదే."

ఇప్పుడు అందరూ యలమందయ్యనే చూస్తున్నారు. తులసమ్మ బతిమాలలేదు. కాని గరిటె కాడను ఎంత గట్టిగా పట్టుకున్నదో ఆమె వేళ్ళు చెబుతున్నాయి. "ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి అన్నా. నా ముఖం చూడకుండ్రి. విస్తరి చూడుండ్రి" అని మాత్రం అన్నది.

"మంచి చెక్క అది," అన్నాడు యలమందయ్య నిట్టూర్చి. "కాలవని ఆనుకుని ఉంది. నీళ్ళు వాటంతటవే పారతాయి. రెండు పంటలు తీయొచ్చు." శేషయ్య ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. "నా పరువు ఎలాగూ పోయింది. ఒక్క అబద్ధం ఆడితే చెక్కన్నా దక్కుద్ది." ఆయన విస్తరి వైపు చూశాడు. విస్తరి ఖాళీగా, నేతితో మెరుస్తూ ఉంది. ఒక్క గింజ కూడా మిగల్లేదు. దాన్ని రెండు చేతులా ముందుకు తోశాడు.

"ఈ నాలిక అబద్ధం ఆడనియ్యట్లేదు బావగారూ. గోధుమే. బాగుంది. ఇంకో గరిటె వెయ్యమ్మా."

తులసమ్మ గరిటె కాదు, గిన్నే వంచింది. శేషయ్య లేచి పోయి చెయ్యి కడుక్కున్నాడు. తక్కెడ మీద పెట్టిన చెయ్యి అదే కనుక కొంచెం ఎక్కువసేపు కడిగాడు. సిద్ధం చేసిన తాంబూలాన్ని వెనక్కి తీయటం శుభం కాదని, తులసమ్మ ఆ పళ్ళెంలో పసుపు కుంకుమలు చేర్చి శివపార్వతి ఒడిలో పెట్టింది.

యలమందయ్య హుగ్గి ముగించి, గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మా, వచ్చే ఏడు నీ బస్తాలు మధ్యాహ్నం పూట తెచ్చుకో. అప్పుడు మిల్లు దగ్గర జనం ఉండరు."

"లేదన్నా, పొద్దుగాలనే తెస్త. జనం నిండుగ ఉన్నప్పుడే. ఇదేం గింజని వాళ్ళడిగితే మీరే చెప్పాల."

ఆయన ఖాళీ విస్తరిని మడిచాడు.

"ఆ రోజు నేను ఊళ్ళో ఉండను," అన్నాడు. "మిల్లు శివపార్వతి ఆడిస్తుంది."

శివపార్వతి అప్పటికే తులసమ్మ పక్కకు జరిగి, బ్లేడు ఎంత వదులు చేయాలో వేళ్ళతో కొలిచి చూపిస్తున్నది.